ఎడమ వైపు నట్లు

పళ్ళ డాక్టరు వస్తూనే చేతిలో ఉన్న చక్రం మూతని లేతక్క బల్ల మీద బోర్లించాడు. అయిదు నట్లు దడదడమని దొర్లాయి. ఒకటి కింద పడి లేత్ మిషను కాళ్ళ మధ్యకి పోయింది.

"ఇవేనా అమ్మా నువ్వు చేసిన నట్లు? బస్టాండు మలుపులో చక్రం ఊడి నన్ను దాటుకుని ముందుకు పోయింది! కారులో నేను వెనక, రోడ్డు మీద నా చక్రం ముందు! జనం నవ్వారు తెలుసా? నవ్వారు!"

జనం నవ్వడానికి కారణం లేకపోలేదు. అరవై ఏళ్ళ నాటి కారు. డాక్టరు తండ్రి కొన్నది. వయసులో డాక్టరు కన్నా రెండేళ్ళే చిన్నది. దాన్ని రోజూ తుడిచి తుడిచి అద్దంలా ఉంచుతాడు. అలాంటి బండి ఎడమ ముందు చక్రం ఊడదీసుకుని నడిరోడ్డు మీద మూతి నేలకానించి కూర్చుంది. మలుపు కాబట్టి మెల్లగా పోతున్నాడు, ఎవరికీ ఏమీ కాలేదు. చక్రం మాత్రం చెప్పుల కొట్టు షట్టరుకి గుద్దుకుని ఆగింది.

లేతక్క అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. పాతికేళ్ళుగా లేత్ మిషను ముందు నిలబడి ఇనుము కోస్తోంది, అందుకే ఆ పేరు. పని నేర్పింది మామగారు. నిజానికి కొడుక్కి నేర్పుదామనుకున్నాడు ఆయన. కొడుక్కి ఓపిక ఎక్కడిది? వెంట్రుకవాసి కొలత కోసం గంటసేపు వంగి నిలబడమంటే వాడి వల్ల అయ్యే పనేనా? పక్క గదిలో టైర్ల షాపు పెట్టుకున్నాడు. గాలి కొట్టడం, పంచర్లు వెయ్యడం, టైర్లు మార్చడం. వీధంతా అతన్ని గాలాయన అంటుంది. కోడలు వచ్చాక మామగారు ఒక రోజు చూసి, రెండు రోజులు చూసి, మూడో రోజు కొలత పరికరం ఆమె చేతిలో పెట్టాడు.

డాక్టరు కేకలకి గాలాయన చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. సంగతంతా విన్నాడు. విని, తలూపి, నాలుగిళ్ళకి వినపడేలా అన్నాడు.

"పోనీండి సార్. ఆడమనిషి చెయ్యి కదా, ఎక్కడో తేడా వచ్చుంటుంది. మళ్ళీ చేయిస్తాను. ఈసారి నేను దగ్గరుండి చూసుకుంటా."

లేతక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడమనిషి చెయ్యా? ఆ చెయ్యి నెల రోజులు ఆ నట్ల మీద పడి ఉంది. ఆ కారుకి ఎడమ వైపు చక్రాల నట్లు ఎదురు మర. మామూలు నట్టు కుడికి తిప్పితే బిగుస్తుంది. ఇది ఎడమకి తిప్పితే బిగుస్తుంది. చక్రం తిరిగే ఊపుకి దానంతటది వదులు కాకూడదని ఆనాటి వాళ్ళ ముందుచూపు. అలాంటివి ఇప్పుడు బజారులో దొరకవు. డాక్టరు రెండేళ్ళు ఊరూరా వెతికి, చివరికి అంచులరిగిన పాత నట్లు ఇరవై డబ్బాలో పోసుకుని ఆమె దగ్గరికే వచ్చాడు. ఆరుపలకల ఉక్కు కడ్డీ తెచ్చి, ఒక్కొక్క నట్టూ కోసి, తొలిచి, మర తీసి, చక్రం గుంటలో కూర్చునే వైపు వాలు చెక్కి, ఆ వాలుకి నీలం రంగు పూసి కూర్చోబెట్టి చూసింది. రంగు చుట్టూతా తెగకుండా అంటుకుంటేనే నట్టు. ఒక చోట తెగినా చెత్తబుట్ట. అలా ఏడు నట్లు చెత్తబుట్టలో పారేసి ఇరవై నిలబెట్టింది. ఎదురు మర వాటిని ఎవరూ పొరబడకుండా పలకల మూలల మీద సన్నగా గాడి కూడా పెట్టింది. పానాతో తన చేత్తో బిగించి పంపింది.

ఆమె వంగి, మిషను కిందకి దొర్లిన నట్టు తీసి, వెలుతురులో పెట్టి చూసింది.

"డాక్టరు గారూ, నట్టు ఊడలేదండీ. ఇదిగో, ఇలా రండి, చూడండి. లోపల ముక్క కనపడుతోందా? చక్రం తగిలించే మర కడ్డీ, స్టడ్డు అది. అది తెగింది. నా నట్టు దాన్ని వదల్లేదు. తెగిన ముక్కని ఇంకా పట్టుకునే ఉంది. అయిదింట్లోనూ అంతే."

డాక్టరు కళ్ళజోడు పైకెత్తి చూశాడు. ఒక్క క్షణం మెత్తబడ్డాడు. కానీ ఎంతైనా పళ్ళ డాక్టరు.

"అరవై ఏళ్ళు తెగని స్టడ్డు నువ్వు నట్టు మార్చిన నెలకే తెగిందా? నా దగ్గర పంటికి తొడుగు వేయించుకున్నాక లోపల పన్ను విరిగితే ఎవర్ని అంటారమ్మా? నన్నే అంటారు. అనిపించుకుంటాను. వచ్చే ఆదివారం పాత కార్ల ఊరేగింపు ఉంది. కొండ దారిన అవతలి ఊరి దాకా. నా మనవరాలు వెనక సీట్లో కూర్చుంటానని పది రోజులుగా గంతులేస్తోంది. అప్పటికి నాకు బండి కావాలి. మొన్న ఎడమ వైపు రెండు టైర్లూ కొత్తవి వేయించాను, అవీ దండగయ్యేలా ఉన్నాయి."

"టైర్లా? ఎక్కడ వేయించారు?"

"ఇంకెక్కడ, ఇక్కడే. నువ్వు ఏదో ఊరెళ్ళావుట ఆ రోజు. మీ ఆయనే వేశాడు."

లేతక్క మొగుడి వైపు తిరిగింది. గాలాయన ఆ సరికి పైకప్పు రేకుల్లో ఏదో వెతుక్కుంటున్నాడు.

డాక్టరు వెళ్ళాక ఆమె నట్టుని బిగింపు పట్టులో పెట్టి లోపలి ముక్కని వెనక్కి తిప్పి తీసింది. తెగిన చోట స్టడ్డు సన్నగా సాగి ఉంది. మామూలుగా తెగే ఇనుము అలా సాగదు. ఎవరో దాని ప్రాణం తోడేదాకా బిగిస్తేనే సాగుతుంది. నట్టు మూలలు చూసింది. తను పెట్టిన గాడి నలిగి చదునైపోయింది. పానాతో ఎంత బిగించినా అలా నలగదు. గాలి ఒత్తిడితో నట్లు తిప్పే గన్ను దెబ్బ మీద దెబ్బ వేస్తేనే నలుగుతుంది.

ఆ ముక్క పట్టుకుని టైర్ల షాపులోకి వెళ్ళింది. అత్తగారు అక్కడే కుర్చీలో కూర్చుని ఉంది.

"గన్ను పెట్టారా?"

"ఏ గన్ను?"

"ఏమండీ, నన్ను ఇంకా మండించకండి. ఎడమ చక్రాలకి గన్ను పెట్టి ఎటు తిప్పారు?"

 గాలాయన మెల్లగా కక్కాడు. ఆ రోజు బయట లారీ ఆగి ఉంది, డ్రైవరు హారను కొడుతున్నాడు, తొందర. నట్టు ఊడదీద్దామని గన్ను పెట్టాడు. రాలేదు. తుప్పు పట్టి బిగుసుకుందనుకున్నాడు. గాలి ఇంకా పెంచి నొక్కాడు. అప్పటికీ రాలేదు. అలా అయిదు నట్లూ ఒకటి తర్వాత ఒకటి, బలం కొద్దీ నొక్కాడు. చివరి దానికొచ్చాక గుర్తొచ్చిందట, ఎడమ వైపు ఎదురు మర అని. ఊడదీస్తున్నాననుకుంటూ అంతసేపూ బిగించాడన్నమాట.

"చిన్నప్పుడు మామయ్య మీకు చెప్పలేదా ఇది? మూలల మీద నేను గాడి పెట్టలేదా?"

"గుర్తుంటే చేస్తానా? పొరపాటు."

"పొరపాటే. నేను కాదన్నానా? నేనూ చేస్తాను పొరపాట్లు. ఏడు నట్లు చెత్తలో పడేశాను. కానీ ఆడమనిషి చెయ్యి అన్నారే, అదేం పొరపాటు? తెలిసి తెలిసి, అంత మంది ముందు, నా నెత్తిన రుద్దారే!"

"అది కాదే. నువ్వు లేత్ దానివి. ఓ మాట పడితే ఇంకో నట్టు చేసిస్తావు, అయిపోతుంది. నా మీద పడితే? ఎదురు మర తెలియనివాడు చక్రాలు బిగిస్తున్నాడంటే నా దగ్గరికి సైకిలు కూడా రాదు."

అత్తగారు అందుకుంది. "వాడన్నదాంట్లో తప్పేముందే? సంసారమన్నాక ఒకళ్ళది ఒకళ్ళు కప్పుకోవాలి. మొగుడి పరువు తీసి నువ్వు ఏం బావుకుంటావు?"

"కప్పుకోవడానికి ఇది చిరిగిన చొక్కానా అత్తయ్యా?" అని లేతక్క ఒక్క అరుపు అరిచింది. అరిచాక మరో సంగతి తట్టింది. "ఆగండి. టైర్లు రెండు వేశారు. వెనక చక్రానికి కూడా ఇలాగే నొక్కారా?"

గాలాయన గన్ను గొట్టం చుట్టడం మొదలుపెట్టాడు.

"నొక్కారా లేదా?"

"మొదట వెనకదానికే పెట్టాను, రాకపోతే ముందుదాని పని పట్టాను. వెనకది బాగానే ఉందిలే. ఊడలేదుగా."

అంటే వెనక చక్రమూ అంతే దెబ్బ తింది. అది బాగానే ఉందట! ముందు చక్రం మలుపులో మెల్లగా ఊడింది కాబట్టి జనం నవ్వారు. వెనకది కొండ దిగేటప్పుడు ఊడితే నవ్వడానికి ఎవరు మిగులుతారు? లేతక్క చేతిలో ముక్కని మొగుడి ముక్కు దగ్గర పెట్టింది.

"రెండు చక్రాలవీ స్టడ్లు చేసిస్తాను. నట్లూ చేసిస్తాను. మీరు ఏ వంక చెప్పుకుంటారో నాకనవసరం. డాక్టరుకి చెబుతారో, చెప్పకుండా మారుస్తారో మీ ఇష్టం. ఆదివారం లోపల వెనక చక్రం స్టడ్లు మారాలి."

"మారుస్తా."

"నా మీద పడ్డ మాట అలాగే ఉండనీండి. మీ పరువు మీ దగ్గరే పెట్టుకోండి. చక్రం మాత్రం మార్చండి."

"మారుస్తానన్నానా!"

అదీ ఆమె చేసిన పొరపాటు. నమ్మింది. నమ్మి మాట మింగింది.

ఆ వారమంతా ఆమె పళ్ళు కొరుకుతూనే పని చేసింది. ఎదురు మర తియ్యాలంటే లేత్ మీద పరికరం ఎప్పుడూ నడిచే వైపు కాకుండా వెనక్కి నడవాలి. అలవాటైన చెయ్యి ప్రతిసారీ తప్పు వైపే పోబోతుంది. చేతిని పట్టి ఆపుకోవాలి. పది స్టడ్లు, పది నట్లు. మధ్యలో వీధి వాళ్ళు వచ్చి పోతూ ఓ మాట విసిరారు. "ఏం లేతక్కా, చక్రాలు పరుగు పందెంలో పెడుతున్నావట" అని ఒకడు. "ఈసారి మీ ఆయన దగ్గరుండి చేయిస్తున్నాడటగా" అని ఇంకొకడు. రెండోవాడి మీదకి ఆమె సుత్తి విసరలేదంటే అది ఆమె సంస్కారం. నోటిదాకా వచ్చిన మాటని వెనక్కి తోసి, వెంట్రుకవాసి తేడా రాకుండా కోసింది. కోపంలో చేసిన పని చెడకూడదని మామగారు అనేవారు. ఆయనకేం, కొడుకు చేసిన పనికి ఆయన మాట పడలేదు.

గురువారానికి అన్నీ అయిపోయాయి. ముందు చక్రానివి ఒక నూనె కాగితంలో, వెనక చక్రానివి ఒక నూనె కాగితంలో చుట్టి, పైన పెన్సిలుతో రాసి మొగుడి చేతికిచ్చింది. కారు టైర్ల షాపులోనే ఉంది. శనివారం సాయంత్రం అడిగింది.

"అయ్యిందా?"

"అయ్యింది."

"ముందూ వెనకా?"

"ముందూ వెనకా. ఎన్నిసార్లు అడుగుతావు?"

ఆదివారం పొద్దున్నే డాక్టరు తయారై వచ్చాడు. నెత్తిన టోపీ, మెడలో రంగు గుడ్డ. వెనక సీట్లో ఎడమ కిటికీ పక్కన మనవరాలు, ఏడేళ్ళు ఉంటాయేమో, మొహానికి పెద్దదైపోయిన నల్ల కళ్ళజోడు పెట్టుకుని దారిన పోయేవాళ్ళందరికీ చెయ్యి ఊపుతోంది. వీధి సగం గుమిగూడింది. గాలాయన పెళ్ళికొడుకులా అటూ ఇటూ తిరుగుతూ టైర్లలో గాలి చూస్తున్నాడు.

లేతక్క తన చేతికి అంటిన మడ్డి తుడుచుకోవడానికి గుడ్డ కోసం టైర్ల షాపులోకి వెళ్ళి సొరుగు లాగింది. గుడ్డ కింద నూనె కాగితం పొట్లం ఉంది. పైన ఆమె రాతే, వెనక చక్రం అని. విప్పి చూడనక్కర్లేదు, బరువే చెప్పింది. అయినా విప్పింది. అయిదు స్టడ్లు, అయిదు నట్లు. ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

బయట డాక్టరు ఇంజను స్టార్ట్ చేశాడు.

ఆమె పొట్లంతో సహా వెళ్ళి కారు ముందు నిలబడింది.

"డాక్టరు గారూ, బండి ఆపండి. వెనక ఎడమ చక్రం విప్పాలి."

"మళ్ళీ ఏమైందమ్మా? అందరూ బయల్దేరి ఉంటారక్కడ!"

గాలాయన ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. పెళ్ళాం చేతిలో పొట్లం చూసి మొహం పాలిపోయింది, కానీ నోరు మాత్రం నవ్వింది. "మొన్న జరిగిన దానికి బెదిరిపోయింది సార్. ఏదో బెంగ. చక్రాలు భేషుగ్గా ఉన్నాయి. నాది పూచీ. మీరు కానివ్వండి." తర్వాత ఆమె చెవి దగ్గర, పళ్ళ బిగువున, "ఆయన పొద్దస్తమానం కారు పక్కనే కుర్చీ వేసుక్కూర్చుంటే, ఊడని చక్రం ఎందుకు విప్పుతున్నానని చెప్పి మార్చమంటావే? మెల్లగా పోతే ఏమీ కాదు. రేపు మార్చేస్తా, నీకు దణ్ణం పెడతా" అన్నాడు.

పాతికేళ్ళుగా మొగుణ్ణి ఏమండీ అని తప్ప పిలవని మనిషి వీధి అదిరేలా అంది.

"పూచీ నీదా? అయితే ఎక్కు. ఆ పిల్ల పక్కన కూర్చో. కొండ దిగి అవతలి ఊరి దాకా పోయిరా. నువ్వు తిరిగొచ్చాక నీ కాళ్ళు కడిగి, నా నట్లే పనికిమాలినవని ఈ వీధి మధ్యలో నేనే ఒప్పుకుంటాను. ఎక్కు!"

"దానికేం, రావయ్యా, సీటు ఖాళీయే. ఈ తగువు తీరిపోతుంది" అన్నాడు డాక్టరు, పాపం ఏమీ తెలియక. పిల్ల పక్కకి జరిగి, "ఇటు రండి అంకుల్, కిటికీ మీకిస్తా" అంది.

అందరూ చూస్తున్నారు. గాలాయన నవ్వబోయాడు, కుదరలేదు. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. తీశాడు. వెనక్కి తగ్గితే ఇప్పుడే పోతుంది పరువు, ఎక్కితే కొండ మీద కదా ఏదైనా జరిగేది. మొండికి పడి తలుపు తెరిచి ఒక కాలు లోపల పెట్టాడు.

"ఒరేయ్, ఎక్కకురా! నా తండ్రీ, ఎక్కకురా!"

అత్తగారు. కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో, ఎలా వచ్చిందో, వచ్చి కొడుకు చొక్కా రెండు చేతులా పట్టుకుని వెనక్కి గుంజుతోంది. "నీకేమైనా అయితే నేనేమైపోవాలిరా! దిగు! దిగమంటున్నానా!"

 డాక్టరు ఇంజను ఆపాడు. తాళం జేబులో వేసుకున్నాడు. దిగి, చుట్టూ తిరిగొచ్చి, మనవరాల్ని రెండు చేతులా ఎత్తి కిందకి దించి, తన కాళ్ళకి ఆనించుకుని నిలబెట్టుకున్నాడు. 

"ఏమ్మా, మీ అబ్బాయి ఎక్కకూడదా?" అన్నాడు ముసలావిడతో. "నా మనవరాలు ఎక్కొచ్చా?"

ఆవిడ కొడుకు చొక్కా వదల్లేదు, తల కూడా ఎత్తలేదు. గాలాయన నేల చూపులు చూస్తూ, "గన్ను తప్పు వైపు తిప్పాను సార్. రెండు చక్రాలకీ" అన్నాడు. ఆ మాట ఎంత చిన్నగా అన్నాడంటే వెనక నిలబడ్డవాళ్ళు ముందువాళ్ళని అడిగి తెలుసుకున్నారు.

లేతక్క అప్పటికే జాకీ పెట్టి వెనక చక్రం లేపుతోంది. సాయం చెయ్యడానికి గాలాయన వంగబోతే, "నువ్వు ముట్టుకోకు" అంది. పానా తగిలించి కుడికి తిప్పింది. మొదటి రెండు నట్లు మూలిగి వదిలాయి. మూడోదానికి బలం పెట్టక్కర్లేకపోయింది. నట్టూ, దానితో పాటు స్టడ్డు ముక్కా కలిసి పుటుక్కున ఆమె అరచేతిలోకి వచ్చేశాయి. దాన్ని ఎవరికీ ఎత్తి చూపించలేదు. డాక్టరు ముందే చూశాడు.

అతను ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మా, మొన్న నిన్ను అంతంత మాటలు..."

"అన్నారు. విన్నాను" అంది లేతక్క, నాలుగో నట్టుకి పానా తగిలిస్తూ. "పక్కకి జరగండి డాక్టరు గారూ, వెలుతురుకి అడ్డొస్తున్నారు."